నాన్న చుట్టిన ఆఖరి వైండింగ్

మా బావగారి వడ్రంగి షెడ్డు గోదావరి లంకలో ఉంది. మొన్న దసరాకు పది రోజుల ముందు వచ్చిన వరదకు చిత్రిక పట్టే మిషన్ మునిగి, దాని మోటారు నిండా ఒండ్రు పట్టింది. రాజమండ్రిలో నా వైండింగ్ షాపు నిండా అప్పుడు అలాంటి మోటార్లే. అయినా అన్నిటికంటే ముందు దాన్నే విప్పాను. దానిలోని రాగి తీగ నాన్న చుట్టింది. అక్క పెళ్లయిన కొత్తలో అల్లుడి షెడ్డుకని తన చేత్తో చుట్టి ఇచ్చాడు. ఆయన పోయాక, ఆయన చుట్టినవన్నీ ఒక్కొక్కటే కాలిపోయి నా దగ్గరికే వచ్చాయి. మిగిలింది ఇదొక్కటే.

మంచినీళ్లతో ఒండ్రు కడిగాను. ఎండలో పెట్టాను, బల్బుల వేడిలో పెట్టాను. పైకి పొడిగానే ఉంది కానీ తీగల సందుల్లో తడి వదల్లేదు. మెగ్గర్ పెట్టి చూసిన ప్రతిసారీ ముల్లు ఇంకా తడి ఉందనే చూపించింది. ఇంకో నాలుగు రోజులు ఆరితే బతికేది.

ఈలోగా పండగ వచ్చిపడింది. పూజకు మోటారు షెడ్డులో ఉండాలని అక్క పట్టుబట్టింది.

"కొబ్బరికాయ కొట్టగానే ఒక్కసారి తిప్పి, మళ్లీ పట్టుకుపోరా. నాన్న ఇచ్చిన దగ్గర్నుంచి దసరానాడు అది తిరగని ఏడాది లేదు."

"తడి ఆరలేదక్కా."

"ఒక్క నిమిషమేగా! నాన్న చుట్టింది, దానికేం కాదులే."

ఆరకుండా స్విచ్ వేస్తే నా గుమ్మం తొక్కొద్దని ఊరందరినీ కసిరే మనిషిని. పండగ పొద్దున మాత్రం మోటారు పట్టుకుని లంకకు వెళ్లాను. ఆ మోటారు చప్పుడు వినాలని నాకూ ఉంది. అక్క మీదకు నెట్టేయడం ఎందుకు? స్విచ్ వేసింది నేనే.

కాస్త తిరిగి మూలిగింది. కమురు వాసన వచ్చింది. నేను స్విచ్ కట్టేసేలోపే అయిపోయింది. సాంబ్రాణి పొగ అనుకుని అక్క ఇంకా దణ్ణం పెడుతూనే ఉంది.

కాలిన తీగను ఉలితో కోసి లాగేసి, కొత్తది చుట్టాను. "ఇప్పుడింకా బాగా తిరుగుతోంది బావా" అని బావగారు సంతోషంగా ఫోన్ చేశారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఇంతకంటే తిట్టినా బాగుండేది.

ఆయన దగ్గర్నుంచి ఫోన్ అందుకుని అక్క అడిగింది. "ఆ పాత తీగ ఒక ముక్క తెచ్చిపెట్టరా. దేవుడి దగ్గర పెట్టుకుంటాను."

వరద మోటార్లలోంచి లాగిన తీగంతా షాపులో ఓ మూల పోస్తున్నాను. అలవాటు కొద్దీ నాన్న చుట్టిన తీగనూ అప్పుడే అందులో విసిరేశాను. ఆ కుప్ప ముందు కూర్చుని పూటంతా తిరగేశాను. కాలిన రాగి అంతా ఒక్కలాగే ఉంది. చివరికి ఎవరి మోటారుదో ఒక ముక్క తెంపి, కాగితంలో చుట్టి తీసుకెళ్లాను.

అక్క దాన్ని కళ్లకద్దుకుంది.