ఉగ్రస్తంభం మీదికి అయిదు లీటర్ల నీళ్లు

పోయిన ఏడాది మా ఆయనకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ జరిగింది. చూపు బాగా వస్తే అహోబిలంలో ఉగ్రస్తంభం అనే కొండ ఎక్కి, ఆ కొన మీద నేతిదీపం పెడతానని నరసింహస్వామికి మొక్కుకున్నాను. చూపు వచ్చింది. నేను మాత్రం ఒకసారి బయలుదేరి, జ్వాలా నరసింహస్వామి గుడి దాకా వెళ్లి, పొద్దు వాలుతోందని వెనక్కి వచ్చేశాను. అప్పటినుంచి ఇంట్లో దీపం వెలిగించినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. అందుకే ఈ కార్తీకంలో ఎలాగైనా ఎక్కాలనుకున్నాను.

మాది కోడుమూరు, చిన్న కిరాణా అంగడి. తెల్లవారి బస్సులో కర్నూలు చేరి, అక్కడినుంచి నంద్యాల మీదుగా ఆళ్లగడ్డకు మధ్యాహ్నానికి వచ్చాను. మా ఆడబిడ్డ, అంటే నేను వదినా అని పిలిచే ఆవిడ, ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు మీదుగా వచ్చి కలిసింది. ఇద్దరం షేర్ ఆటోలో మనిషికి యాభై చొప్పున ఇచ్చి దిగువ అహోబిలం చేరి, సత్రంలో పడుకున్నాం. తెల్లవారి ఆరుకు జీపులో ఎగువ అహోబిలం. దారి చూపడానికి ఓబులేసు అనే ఆయనను ఎనిమిది వందలకు మాట్లాడుకున్నాం. ఒంటరిగా మాత్రం వెళ్లకండి, పైన దారి తెలియదు.

నా భుజాన అయిదు లీటర్ల క్యాను చూసి వదిన ఆగిపోయింది.

"ఏందిమే అది?"

"నీళ్లు వదినా."

"పక్కన ఏరు పారతాంటే నీళ్లు మోసుకపోయేదాన్ని నిన్నే చూస్తాండా! కోడుమూరు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు."

నిజమే. నాలుగు రోజులకోసారి కొళాయి వచ్చే ఊళ్లో కాపురం చేసినదాన్ని. గడప దాటితే చేతిలో నీళ్లుండాల్సిందే. భవనాశిని ఏరు మా పక్కనే గలగలమంటోంది. బండలు దాటుతూ నాలుగైదు చోట్ల ఆ ఏట్లోనే కాళ్లు తడుపుకున్నాం. ప్రతిసారీ వదిన దోసిలితో తాగి, "అబ్బ, ఎంత సల్లగుండాయో! నీ క్యాన్లో నీళ్లు కాగినాయా?" అని నవ్వేది. బరువుకు నేను పది అడుగులకోసారి కూర్చునేదాన్ని. తొమ్మిదికల్లా కొన మీద ఉండాల్సిన వాళ్లం, జ్వాలా గుడి దగ్గరికి వచ్చేసరికే తొమ్మిదయింది. అక్కడ కొండ అంచునుంచి నీళ్లు సన్నని తుంపరగా మెట్ల మీద పడుతున్నాయి. మా ఊళ్లో చెమట పట్టే వేళ అది. ఇక్కడ కొంగు నిండుగా కప్పుకున్నాను.

"వానలు నిలిచి ఇన్ని రోజులయింది కదా, ఈ నీళ్లు యాడనుంచి వస్తాండాయప్పా?" అని ఓబులేసును అడిగాను.

ఆయన ఎర్రబండను చేత్తో తట్టాడు. "సూడక్కా, అట్లు పేర్చినట్టు పలకల మీద పలక. వాననీళ్లు ఆ సందుల్లో దిగి, నెలల తరబడి కారతానే ఉంటాయి. కాని ఈడనుంచి పైకి చుక్క ఉండదు. నెత్తిన నిలబడిన నీళ్లు యాడుంటాయి?"

అక్కడినుంచి గంటన్నర నిట్టనిలువు. చెట్ల వేళ్లు పట్టుకుని, రాళ్ల మీద చేతులు ఆనించి ఎక్కాం. చెట్లు పొట్టివై, చివరికి ఎండుగడ్డి, బోడిబండ మిగిలాయి. కొన మీద స్వామి పాదాలకు మొక్కి తల ఎత్తాను. వెనక నల్లమల పచ్చగా మడతలు మడతలుగా ఉంది. పడమట మన సీమ నేల ఆరేసిన చాపలా పరుచుకుని ఉంది. వదిన నా క్యాను మాటే మరిచిపోయింది, అదొక వింత!

ప్రమిద తీసి ఒత్తి వేశాను. అగ్గిపుల్ల గీస్తే ఆరిపోయింది. ఇంకొకటీ అంతే. గాలి చీర కుచ్చిళ్లను లాగేస్తోంది.

"పొద్దెక్కేకొద్దీ కింద నేల పెనం మాదిరి కాగుతాదక్కా. ఆ వేడిగాలి కొండకు తగిలి పైకి లేస్తాది" అన్నాడు ఓబులేసు. తర్వాత మెల్లగా, "చుట్టూ ఎండుగడ్డి. ఒక నిప్పురవ్వ పడితే అడివి పోతాది. వద్దులే తల్లీ" అన్నాడు.

అగ్గిపెట్టె మూసేశాను. రెండోసారి కూడా మొక్కు తీరలేదని కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్ల బరువే ఆలస్యం చేసి, గాలి లేచే వేళకు తెచ్చింది కదా అని నా మీద నాకే కోపం వచ్చింది.

అంతలో బండ కిందనుంచి ఆరుగురు ఎక్కి వచ్చారు. అందరి సీసాలూ ఖాళీ. వాళ్లలో పెద్దావిడ ఒకరు వస్తూనే పెదాలు తడుపుకుంటూ కూలబడ్డారు. "కింద ఏరుండాది కదా అని మోయలేదమ్మా. గుక్కెడు నీళ్లుంటే పోస్తావా?" అన్నారు.

పూజకు తెచ్చిన ఇత్తడి చెంబులో పోసి అందించాను. అందరికీ పోశాను. ఓబులేసుకూ పోశాను. చివర చెంబు పట్టుకుని నిలబడింది మా వదిన.

"నీకెందుకు వదినా? నీకు ఏరుండాది కదా!" అన్నాను.

"పొయ్యిమే, నోరెండిపోయింది!" అంది. అందరూ నవ్వారు. ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ తల్లీ" అన్నారు. మా అంగడి ముందు ప్రతి ఎండాకాలం నీళ్లకుండ పెడతాం. స్వామి ఆ పనే కొండ మీద కూడా నాతో చేయించుకున్నాడనిపించింది. ఖాళీ క్యాను ఊపుకుంటూ, చిన్నపిల్లలా దిగాను.

వెలిగించని ప్రమిదను ఇంటికి తెచ్చి దేవుడి ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను. మా ఆయన అగ్గిపెట్టె అందుకున్నారు. ఆపరేషన్‌కు ముందు ఒత్తి కొస కనబడక వెలిగించిన పుల్లను పక్కన పెట్టేవారు. ఈసారి మొదటి పుల్లకే వెలిగింది. మొక్కు తీరిందో లేదో పెద్దలు చెప్పాలి. నా మనసుకు మాత్రం తీరింది.

మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. నీళ్లు దొరికే చివరి చోటు జ్వాలా గుడే. ఏటి పొడవునా బరువు మోయకుండా క్యాను ఖాళీగా తీసుకెళ్లి, అక్కడ నింపుకోండి. మీకు కావలసినదానికన్నా ఒక లీటరు ఎక్కువే నింపండి.