సుస్తి పత్తి

కమాన్‌పూర్ శివారులో సమ్మవ్వకు రెండెకరాల పత్తి చేను. గట్టు మీద నిలబడితే అవతల ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు. దేవుడు చేసిన గుట్టలు కావవి, బొగ్గు కోసం తవ్విపోసినవి. పొద్దుటి మంచులో చూస్తే మెల్లగా నడిచివస్తున్నట్టే ఉంటాయి.

తొలకరిలో యమున అనే అమ్మాయి స్కూటీ మీద ఊళ్లోకి వచ్చింది. ఎక్కడో దూరదేశాల్లో బట్టల కంపెనీలు ఇకమీదట పద్ధతిగా పండించిన పత్తే కొంటాయట, దానికి కొన్ని నియమాలున్నాయట. ముప్ఫైమంది రైతుల పేర్లు రాసుకుంది, అందులో సమ్మవ్వ పేరూ ఉంది. వారం తర్వాత యమున పంపిన మనుషులొచ్చి, రోడ్డు పక్కది కదా అని, ఆమె చేలోనే ఆకుపచ్చ బోర్డు పాతిపోయారు. ఆ పూట సమ్మవ్వ మోకాళ్లు చూపించుకోవడానికి దవాఖానకు పోయింది.

సాయంత్రం వచ్చి బోర్డు మీద వేలుపెట్టి చదువుకుంది. మూడో తరగతి చదువు. సు... స్థి... ర. పత్తి. ఆమె ఎరిగిన మాట సుస్తి ఒక్కటే. చివరి ‘ర’ రంగు వేసినవాడి చెయ్యి జారి పడిందనుకుంది. ఊరందరి చేలు బాగానే ఉండి తన చేనుకే జబ్బు చేసిందని అంత పెద్ద అక్షరాలతో రాస్తే, ఎవరిని అడుగుతుంది? నలుగురి పంచాయితీలూ విప్పి చూసే మనిషి, తన సంగతి మాత్రం కొంగులో ముడేసుకుంది.

సుస్తి చేసినవాళ్లకు ఏం చేస్తామో అదే చేసింది. ఘాటు మందులు మానేసి, యమున చెప్పిన వేపకషాయం పలచగా కలిపి చల్లింది. వానలు వెనకపట్టాక ఆకుల మీద నల్లటి దుమ్ము పేరుకుంది. తడిగుడ్డ పట్టుకుని తుడవడం మొదలుపెట్టింది. రెండెకరాలు తుడవడం ఎవరి తరం? అయినా రోజుకొక సాలు. తుడుస్తూ తుడుస్తూ ఆమె అక్కడ ఉండేది కాదు. పెనిమిటి బుచ్చన్న బొగ్గుబాయి దిగి పనిచేసే రోజుల్లోకి పోయేది. డ్యూటీ నుంచి వచ్చి గడపలో కూర్చుంటే అతని కనురెప్పల మీద ఇదే నలుపు. ఆమె కొంగు తడిపి అద్దేది, అతను నవ్వుతూ కళ్లు మూసుకునేవాడు. అతను పోయి పన్నెండేళ్లు. ఆకు వెనక్కి తిప్పినప్పుడల్లా, ఇప్పుడు కళ్లు తెరుస్తాడేమో అన్నట్టు చూసేది.

దీపావళి దాటాక చేను విరగబూసినట్టు తెల్లగా పగిలింది. అదే సమయానికి తూర్పున మబ్బు కట్టింది. తడిస్తే ఏడాది కష్టమంతా బురద. సమ్మవ్వ ఏరుడుకు ఆడవాళ్లను తోలుకొచ్చే అనసూర్య ఇంటికి పోయింది. అనసూర్య చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

“బోర్డు మేం గూడ చూసినం అవ్వ. సుస్తి చేను ఏరితె చేతులకు గజ్జి లేస్తది. ముందుగాల నీ పత్తిని దవాఖానల జాయిన్ జెయ్యి, ఏరుడు తర్వాత.”

లోపలెవరో కిసుక్కున నవ్వారు. సమ్మవ్వ వచ్చేసి ఒక్కతే ఏరడం మొదలుపెట్టింది. రెండు రోజుల్లో ఆరు సాళ్లు కూడా కాలేదు.

మూడో రోజు యమున తనిఖీ సారును తీసుకొచ్చింది. మందు ఎన్నిసార్లు కొట్టావని ఆయన అడిగాడు.

“సుస్తిల ఉన్నదానికి ఘాటు మందెట్ల పెడుత సారు? వేపకషాయమే తాపిన. సుస్తి అని రాసింది మీరే గద.”

సారుకు అర్థం కాలేదు. యమున బోర్డు వైపు చూసి, గట్టు మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

“సుస్తి కాదవ్వ, సుస్థిర. అంటె పాడుగాకుంట ఎన్నటికీ నిలిచుండేది.”

“ఎన్నేండ్లు?”

“నీ తర్వాత గూడ.”

సమ్మవ్వ మట్టిగుట్టల వైపు చెయ్యి చూపింది.

“గా గుట్ట యేటికింత ఇటే జరుగుతున్నది బిడ్డ. నిలిచుండే ముచ్చట దానిక్కూడ చెప్పిన్రా?”

సారు కాగితాలు తిరగేశాడు. నీళ్లకు ఒక గడి ఉంది, ఎరువులకు ఉంది, పిట్టలకు కూడా ఉంది. గుట్టకు లేదు. రాసుకుంటానమ్మా అన్నాడు, ఎక్కడ రాస్తాడో చెప్పలేదు. సమ్మవ్వ ఆకాశం చూసి యమున చెయ్యి పట్టుకుంది.

“అది తర్వాత. ముందు అనసూర్య ఇంటికి పోయి గీ ‘ర’ సంగతి జెప్పు. మబ్బు దిగుతున్నది.”

తెల్లారేసరికి పద్నాలుగు మంది దిగారు. పత్తిలో వెంట్రుక పడకూడదన్నది నియమం. అందుకని యమున అందరి తలలకూ తెల్లగుడ్డలు కట్టించింది. పెండ్లికి పోతున్నమా, పీనుగు దగ్గరికా అని అనసూర్య సణుగుతూనే కట్టుకుంది.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బండలు పేల్చే బ్లాస్టింగు. నేల లోపల్నుంచి గుమ్మని మూలిగింది. చేను మొత్తం ఒక్కసారి ఊగింది. ఏది తలో ఏది పత్తో సమ్మవ్వకు తెలియలేదు. ఆ తెలుపంతా కలిసి ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది. మళ్లీ చేతులు కదిలాయి.

“చూసుకుంట నిలబడ్డవేంది అవ్వ, గీ సాలు నీదే,” అని అనసూర్య కేకేసింది.

సమ్మవ్వ తలగుడ్డ బిగించుకుని సాలులోకి దిగింది.