ఖాళీ పలక

ల్యాబ్‌కు వెళ్లడానికి రోజూ ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కగానే లింగస్వామి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. సిలికాన్ పలక మీద పరిచిన కార్బన్ నానోట్యూబులనే అతిసన్నని గొట్టాలపై లేజర్ వేసి, చెదిరిన కాంతిని గీసే రామన్ గ్రాఫులో వాటి కంపనాలు వెతకడం ఒకప్పుడు అతని పరిశోధన. గ్రాఫులో మూడువందల మూడు అంకె దగ్గర లేచిన ఒకే శిఖరం గొట్టాలదేనని నమ్మి, దాని మీద నాలుగేళ్లు థీసిస్ రాశాడు. అది సమర్పించే ముందు గైడు ల్యాబ్‌లో అందరినీ పిలిచి, గొట్టాలు లేని ఖాళీ పలకను లేజర్ కింద పెట్టించాడు. శిఖరం మళ్లీ అక్కడే లేచింది.

“కంపించింది నీ గొట్టాలు కాదయ్యా, కింది పలక. నాకు మొదటి ఏడాదే తెలుసు.”

“గట్లయితే అప్పుడే జర చెప్పకపోయిన్రా సార్?”

“నేను చెబితే డాక్టరేట్ నీకెందుకు ఇవ్వాలి?”

అందరూ నవ్వారు. లింగస్వామి కూడా నవ్వాడు. డాక్టరేట్ రాలేదు; ఇప్పుడతను అదే ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఇతరుల నమూనాలు కొలిచి ఇస్తున్నాడు.