గంజి పెట్టిన పాటలు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున బీరువా సర్దుతుంటే, నా పెళ్లి చీరల అడుగున దాచిన ఒక పెద్ద చదరపు అట్ట మా మనవరాలి కంటపడింది. మూడు కళ్లున్న ఒక మనిషి మొహం, తల మీద జుట్టుకు బదులు తీగలూ పూలూ చేపలూ, చుట్టూ ఎండకు కరిగి కారుతున్నట్టున్న ఇంగ్లీషు అక్షరాలు. ఇదేమిటమ్మమ్మా అని అడిగింది గానీ, నేను నోరు విప్పేలోపే ఫోనుతో ఫొటో తీసి, రెండు నిమిషాల్లో దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ బయటపెట్టేసింది. ఇంగ్లండులో ఎవరో నలుగురు కుర్రాళ్లు ఈ ఒక్క రికార్డు చేసి ఎవరి దారిన వాళ్లు పోయారట, అక్కడి వాళ్లకే వీళ్ల పేరు సరిగా తెలియదట, ఈ రకం సంగీతాన్ని సైకెడెలిక్ రాక్ అంటారట. ఆ మాట వినడం నాకదే మొదలు. కాశిబుగ్గలో మా ఇంట్లో మేం వాటిని ‘కాజీపేట పాటలు’ అనేవాళ్లం.

తర్వాత పిల్ల ఫోనులోనే ఆ రికార్డులోని పాట ఒకటి పెట్టింది. యాభై ఏళ్ల తర్వాత వింటున్నానన్న సంబరంతో మంచం మీద కూలబడ్డాను గానీ, కాసేపటికే నాకు అర్థమైంది, పాట అదే, నడక మాత్రం అది కాదు. ఇంత బుద్ధిగా, ఇంత ఒకే తీరుగా అది ఏనాడూ నడవలేదు. ఆ సంగతి చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. బాపు గుంటమగ్గం మీద కూర్చుంటే, అవ్వా (నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం) నేనూ రాట్నం మీద కండెలు చుట్టేవాళ్లం. నాకంటే మూడేళ్లు పెద్దవాడైన అన్న రెండో మగ్గం మీద నేసేవాడు, నేసినవి సైకిలు మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకొచ్చేవాడు కూడా. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు కుటుంబం ఉండేది, వాళ్లావిడకు మా జంపఖానాలంటే మహా ఇష్టం. వాళ్లు ఇక్కడి కాపురం ఎత్తేసి ఆస్ట్రేలియా వెళ్లిపోయేటప్పుడు, మోసుకుపోలేని సామానంతా తెలిసినవాళ్లకు పంచిపెడుతూ, మా అన్నకు సూట్‌కేసులాంటి ఒక రికార్డు ప్లేయరూ, వాళ్లబ్బాయి ఎక్కడెక్కడినుంచో తెప్పించుకున్న తొమ్మిది రికార్డులూ ఇచ్చింది. ప్లేటును తిప్పే బెల్టు తెగిపోయింది, వేయించుకో అని కూడా చెప్పిందట.

మన వయసు వాళ్లకు తెలియనిదేముంది, అప్పట్లో వరంగల్లులో అలాంటి బెల్టు దొరకడమంటే మాటలా! చౌరస్తాలో రేడియో దుకాణాలన్నీ తిరిగాడు, హైదరాబాదు నుంచి రావాలన్నారు, ఎప్పుడొస్తుందంటే పైకి చూశారు. అన్న ఇంటికొచ్చి, నాలుగు నూలు పోగులు తీసుకుని, రాట్నానికి దారం పేనినట్టే పేని, దానికింత మైనం రుద్ది, బెల్టు ఉండాల్సిన చోట కట్టేశాడు. ప్లేటు తిరిగింది! నేతగాడి కొడుకు కాబట్టి ఆ ఆలోచన వచ్చింది, వేరేవాళ్లయితే హైదరాబాదు బెల్టు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసేవాళ్లే.

అయితే నూలు దారం గుణం నూలు దారానిదే కదా. వానాకాలం తేమకు అది బిగుసుకుపోయి పాట పరుగెత్తేది, ఎండాకాలం వదులై జారుతూ పాట ఈడ్చుకుంటూ నడిచేది, ఒక్కోసారి ఒకే పాటలో సగం పరుగు, సగం నీరసం. ఆ పాటలేమో అసలే విచిత్రమైనవి, ఉన్నట్టుండి గిటారు గాలిలో తేలిపోయేది, పాడేవాడు బావిలోంచి మాట్లాడినట్టు మాట్లాడేవాడు, ఒక పాటలో ఎవరో తలుపు తీసి వేసిన చప్పుడు తప్ప ఐదు నిమిషాలు ఇంకేమీ ఉండేది కాదు. అందుకని ఏది వాళ్లు చేసిన చిత్రమో, ఏది మా దారం చేసిన చిత్రమో మాకు తెలిసేది కాదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. అన్నకూ నాకూ ఇంగ్లీషు అంతంతమాత్రం, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా చెవి కోసుకునేవాళ్లం. ఆ పాటలు వింటుంటే నేను కాశిబుగ్గలో కూర్చుని కండెలు చుట్టే పిల్లనన్న సంగతి కాసేపు మరిచిపోయేదాన్ని. దానికి మించి ఏం కావాలి ఆ వయసులో?

ఇంట్లో ఉన్నది ఒక్కటే బల్బు, ప్లేయరు తీగ ఆ బల్బు హోల్డరుకే తగిలించాలి కాబట్టి మా కచేరీ అంతా పట్టపగలే. మధ్యాహ్నం బువ్వ తిన్నాక మొదలుపెట్టి, దీపాల వేళకు పాట ఎక్కడున్నా తెంపేసి బల్బు పెట్టాల్సిందే. అన్న మగ్గం ఆపేవాడు కాదు, గుంటలో కూర్చునే వినేవాడు, నేను రాట్నం తిప్పుతూ ప్లేటు అయిపోగానే లేచి మార్చేదాన్ని.

ఎండాకాలంలో ఒకసారి పాట మరీ ఈడ్చుకుంటూ నడుస్తుంటే అవ్వ రాట్నం ఆపి, “గీ పాట పాడెటోనికి పాణం మంచిగ లేదానే?” అంది. మగ్గంలోంచి బాపు తల ఎత్తకుండానే, “మంచిగ లేకుంటె దవాఖానకు తోలుండ్రి. మనింట్ల ఏడుసుడేంది?” అన్నాడు. అప్పటినుంచీ ఆ ప్లేటును మేం దవాఖాన ప్లేటు అనేవాళ్లం. బాపు విసుక్కునేవాడే గానీ ఏనాడూ ఆపమనలేదు. కొడుకు తన పక్క మగ్గం మీద ఉన్నాడు, అది చాలు ఆయనకు. రెండు మగ్గాలూ ఆడుతుంటే ఆయన మొహంలో ఉండే నిండుతనం నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

ఇక నేను చేసిన ఘనకార్యం చెబుతాను. ఆ వేసవిలో అన్న జంపఖానాలు తీసుకుని మూడు రోజుల కోసం నర్సంపేట వెళ్లాడు. నేత ఇల్లంటే గాలినిండా నూలు పీచే కదా, అది రికార్డుల గీతల్లో చేరి ముల్లు ఎగిరెగిరి పడుతోంది. అన్న వచ్చేసరికి వాటిని కొత్తవాటిలా చేసి ఆశ్చర్యపరచాలని నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. నూలు పీచు లేవకుండా ఉండాలంటే, గట్టిపడాలంటే, నిగనిగలాడాలంటే మాకు తెలిసిన మందు ఒక్కటే, గంజి. పల్చగా గంజి కాచి, చల్లార్చి, మెత్తటి గుడ్డతో తొమ్మిది రికార్డులకూ గీతల వెంట గుండ్రంగా, ఎంతో ప్రేమగా పట్టించాను. పట్టించి, గంజి పెట్టిన పడుగు నూలు ఆరబెట్టినట్టే వాకిట్లో మంచం మీద నడి ఎండలో పరిచాను. పరిచి, ఎంత మంచి చెల్లెలినో అనుకుంటూ లోపలికి వెళ్లి అన్నం తిన్నాను.

తిరిగొచ్చి చూసేసరికి తొమ్మిదీ అప్పడాల్లా వంకర్లు పోయి ఉన్నాయి. రాళ్లు పెట్టి అణిచాను, నీళ్లలో ముంచాను, ఎన్ని చేసినా అవి మళ్లీ రికార్డులు కాలేదు. గీతల్లో గంజి మాత్రం చక్కగా పట్టుకుని ఉంది.

అన్న వచ్చాడు. ఏడుస్తూ చెప్పాను. తిడతాడనుకున్నాను, రెండు దెబ్బలు వేస్తాడనుకున్నాను, వేసినా బాగుండేది. దవాఖాన ప్లేటు తీసి పెట్టి చూశాడు, ముల్లు ఇటునుంచి అటు జారిపోయింది. “పోనీ తియ్యే” అన్నాడు. పదిహేను రోజులకు ఒక పొద్దున, సాంచాల మీద పనికి బొంబాయి దగ్గర భీవండి పోతున్నానని సంచి భుజాన వేసుకున్నాడు. సాంచాలంటే మా దిక్కున కరెంటు మగ్గాలు. బాపు ఎంత బతిమాలినా ఆగలేదు, ఎందుకని అడిగితే చెప్పలేదు. అన్న గుమ్మం దాటాక అవ్వ నా వైపు తిరిగి, “గా ప్లేట్లు ఖరాబు చేసినవ్, పోరడు ఎళ్లిపాయె. సల్లవడ్డదా నీ పాణం?” అంది.

అవ్వ ఆ మాట దుఃఖంలో అంది, మళ్లీ ఎన్నడూ అనలేదు. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. రెండో మగ్గం ఆగిపోయాక బాపు ఒక్కడే నేశాడు, ఖాళీ గుంట వైపు చూడకుండా ఉండేందుకు ఒంటిని కొంచెం పక్కకు తిప్పి కూర్చునేవాడు. ఆయన కళ్లు మసకబారి మగ్గం విప్పేసిన నాడూ, ఆయన పోయిన నాడూ నాకు గుర్తొచ్చింది ఆ గంజే. నేను ఆ పని చేయకపోతే ఈ ఇంట్లో రెండు మగ్గాలు ఆడేవి కదా అనుకునేదాన్ని. అన్న పండగలకు వచ్చేవాడు, నాకు చీర తెచ్చేవాడు, నా పెళ్లిలో చేతులు అరిగేలా పనిచేశాడు. అయినా ఆయన ఎదుట ఆ తొమ్మిది రికార్డుల పేరెత్తే ధైర్యం నాకు రాలేదు. ఆయనా ఎత్తలేదు. మాట్లాడటం లేదంటే ఇంకా కోపం పోలేదనే నేను అర్థం చేసుకున్నాను.

ఇప్పుడు ఫోనులో పాట దొరికిన వారానికి బంధువుల పెళ్లికని అన్న వరంగల్లు వచ్చి, ఇప్పటికీ కాశిబుగ్గలోనే ఉన్న మా ఇంట్లో దిగాడు. చెవులు మందగించాయని తెలుసు, ఈ మధ్య ఫోను చేస్తే వాళ్ల కోడలే మాట్లాడేది. కానీ ఎంతగా మందగించాయో తెలియదు. మనవరాలు ముందు అట్ట చేతికిచ్చింది. అన్న దాన్ని వెలుగులోకి తిప్పి చూసి, మూడు కళ్లాయన మీద వేలు పెట్టి నవ్వాడు. పిల్ల ఉత్సాహంగా పాట పెట్టి, చప్పుడంతా పెంచి, ఫోను ఆయన ముందర పట్టుకుంది. గిటారు మొదలైంది, వాడు బావిలోంచి పాడటం మొదలుపెట్టాడు. అన్న అట్టనూ ఫోనునూ మార్చి మార్చి చూస్తూ ఎదురుచూస్తున్నాడు. కాసేపాగి, “పెట్టు బిడ్డా” అన్నాడు.

పిల్ల నా మొహం చూసింది. నేను ఫోను తీసుకుని పాట ఆపేశాను. నలభై ఏళ్లకు పైగా సాంచాల మధ్య నిలబడ్డ మనిషి, ఆ చప్పుడు ఆయన చెవులను తినేసింది. నేను పంపించబట్టే కదా అక్కడికి పోయాడనుకుని ఇక ఆగలేకపోయాను. ఆయన చెవి దగ్గరకు పోయి, గట్టిగా, నేను పాడుచేసిన ప్లేట్ల మీది కోపంతోనేనా అన్నా నువ్వు ఇల్లు విడిచి పోయింది అని అడిగేశాను. మొదటిసారి వినపడలేదు. ఇంకా గట్టిగా అడిగాను.

అన్న బిత్తరపోయి నన్ను చూశాడు. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, ఆయనా అరిచినట్టే చెప్పాడు: “నువ్వు గంజి వెట్టకముందే మాటిచ్చిన చెల్లే! నర్సంపేటకు పోయిందే గందుకు. భీవండి తోల్కపోయే మేస్త్రి ఆడ ఉండె. చేతిమగ్గం మీద ఇగ బతుకుడు కష్టమని నాకు ఎర్కనే. గని మగ్గం ఇడిసిపెడ్తాన్న అని బాపు మొకం మీద ఎట్ల చెప్పాలె? ప్లేట్లకు అలిగి పోయిండు అనుకుంటె, కోపం తగ్గినంక అస్తడని ఆశ ఉంటది. గందుకే ఊకున్న. నీకు గింత అంటుకుంటదనుకోలేదే.”

యాభై ఏళ్ల బరువు దిగితే ప్రాణం తేలికపడాలి. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. బాపుకు ఆశ మిగిల్చాడు సరే, ఆ ఆశ వెల నేను చెల్లించానని ఈయనకు ఒక్కనాడూ తట్టలేదా? తట్టి ఉంటే ఒక పండగనాడు పక్కకు పిలిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాటా అనేద్దామనుకున్నాను. కానీ ఎదురుగా ఉన్నది ఆనాటి కుర్రాడు కాదు, అట్టను ఒళ్లో పెట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా దాని అంచులు సరిచేస్తున్న ముసలాయన. నా కోపం ఎంతోసేపు నిలవలేదు. ఇద్దరం ఏడ్చాం, మనవరాలు కాఫీ పెడతానంటూ వంటింట్లోకి పారిపోయింది.

కాఫీ తాగుతూ అన్న, “గదే పాటనా? అట్లనే ఉందా?” అని అడిగాడు. అదే, మనదే, ఏం మారలేదు అని తల ఊపాను. అబద్ధమే. అయినా ఆయన మొహం ఎంత వికసించిందో చూస్తే మీరూ అదే చెప్పేవాళ్లు.

ఇప్పుడు మా మనవరాలికీ దాని తమ్ముడికీ రోజుకొక గొడవ. పొద్దున అరుచుకుంటారు, నువ్విలా అన్నావని వాడు, నాకు బాధైందని అది, మధ్యాహ్నానికల్లా ఉన్నదంతా బయటపెట్టుకుని సాయంత్రానికి ఒకే ఫోనులో ఏదో చూస్తూ నవ్వుకుంటారు. సిగ్గులేని కాలం అని నేనే ఒకప్పుడు విసుక్కున్నాను, ఇప్పుడు వాళ్లను చూస్తే అసూయగా ఉంటోంది. మన కాలంలో ఇంట్లో ప్రేమకు తక్కువ లేదు, దాన్ని నోటితో చెప్పుకునే అలవాటే లేదు. పక్కపక్కనే కూర్చుని ఒకే పాట విన్న అన్నను గుసగుసగా అడిగితే సరిపోయే ఒక ప్రశ్నను నేను లోపలే దాచుకున్నాను. చివరికి దాన్ని కాశిబుగ్గ వీధి వీధంతా వినేలా అరిచి అడగాల్సి వచ్చింది.