ఎడమ చేతి బొబ్బలు

2023 డిసెంబరు 11, సోమవారం. అనకాపల్లిలో ఒక చర్మవైద్యుని క్లినిక్‌లో డ్రెస్సింగ్ గది బాధ్యత నాది. నర్సుగా అది నా ముప్పై నాలుగో సంవత్సరం. ఏ పుండునైనా లెక్కపెట్టి, కొలిచి, తేదీ వేసుకుంటేనే నాకు నమ్మకం. "కొంత తగ్గింది" అని కేస్ షీటులో ఎన్నడూ రాయలేదు. ఎంత తగ్గిందో రాశాను.

ఆ ఉదయం మునగపాక నుంచి అప్పలనాయుడు, ఆయన భార్య రాములమ్మ వచ్చారు. ఆయనకు యాభై రెండేళ్లు. బెల్లం వండే మేస్త్రీ. చెరకు రసం పెనంలో మరిగి చిక్కబడే వేళ, కుడి చేతి వేళ్లను చన్నీళ్లలో ముంచి, ఆ తడి వేళ్లతోనే చిటికెడు పాకం తీసి, మళ్లీ నీళ్లలో పెట్టి నలుపుతారు. అది ఉండ కట్టే తీరును బట్టి పెనం దింపమంటారు. ముందైతే బెల్లం గట్టిపడదు, ఆలస్యమైతే మాడుతుంది.

"పాకం కాల్సేసిందమ్మా," అన్నారాయన చేతులు చాపి. "ఈ పాలి పిన్నీసుతో పొడిసేసేను. నీరు పోతే తగ్గిపోద్దనుకున్నాను."

"వద్దంటే ఇన్లేదు సిస్టరమ్మా," అంది రాములమ్మ. "పాకం మాటే ఇంటాడు గానీ పెళ్లాం మాట ఇంటాడేటి?"

షీటులో 'కాలిన గాయాలు' అని రాసి, అలవాటు ప్రకారం లెక్కపెట్టాను. కుడి చేతికి ఇరవై మూడు. ఎడమ చేతికి ఇరవై ఒకటి. నా కలం ఆగింది.

"ఎడమ చెయ్యి పాకంలో పెడతారా?"

"ఎప్పుడూ పెట్టను."

"మరి దాన్నేది కాల్చింది? చెప్పులు విప్పండి."

"కాళ్లతో కూడా పాకం సూత్తాననుకున్నారేటి!" అని నవ్వారు. అరికాళ్ల వంపుల్లో మరో పద్నాలుగు ఉన్నాయి.

కాలిన బొబ్బ పెద్దదిగా, పలుచగా పైకి ఉబ్బుతుంది. ఇవి సగ్గుబియ్యపు గింజల్లా వేళ్ల పక్కలకు, చర్మం లోతున గట్టిగా ఉన్నాయి. బొబ్బలకు రెండు రోజుల ముందే విపరీతమైన దురద మొదలైందట. నేను రాసిన మాట కొట్టివేసి, పక్కన సంతకం చేశాను.

డాక్టరుగారు అరికాలి చర్మాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోపులో చూశారు. ఫంగస్ లేదు. ఇది పాంఫోలిక్స్, అంటే చేతులకు, కాళ్లకు నీటి బొబ్బలతో వచ్చే ఎగ్జిమా అని నిర్ధారించారు. కారణం ఒక్కటే అని చెప్పలేమనీ, పొయ్యి దగ్గరి వేడి, చెమట, పెనం కడిగే సోడా దీన్ని రేపుతాయనీ వివరించారు. అంటువ్యాధి కాదన్నారు. అది విని రాములమ్మ తల దించుకుంది. మూడు నెలలుగా భర్త కంచం వేరుగా పెడుతోందట.

పిన్నీసుతో పొడిచినచోట చీము పట్టినందున యాంటీబయాటిక్ రాశారు. లేత గులాబీ రంగు మాత్రమే వచ్చేలా పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో రోజుకు రెండుసార్లు, పదిహేను నిమిషాలు చేతులు, కాళ్లు ఉంచాలి. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ చెప్పిన రోజులే రాసి ఆపాలి. పొట్టు రాలేటప్పుడు వాజలిన్ రాయాలి. సోడా ముట్టేటప్పుడు నూలు గ్లవ్స్ మీద రబ్బరు గ్లవ్స్ వేసుకోవాలి. ఇక నాలుగు వారాలు పాకంలో చెయ్యి పెట్టకూడదు.

ఆ చివరి మాటకు ఆయన ముఖం వాడిపోయింది. "పొయ్యి యజమాని వరసకు బావే. అయినా ఈ సేతులు సూసి ఇంకో మేస్త్రీని పిలుత్తానన్నాడు. సెయ్యి పెట్టనోడికి పెనం కాడ పనేటమ్మా?"

రివ్యూకి రావలసిన రెండు తేదీలు చీటీ మీద రాసి ఇచ్చాను.

మొదటి రివ్యూకి వచ్చారు, దురద పోయింది. రెండోదానికి రాలేదు. పాకంలో చెయ్యి పెట్టేశారేమోనన్న అనుమానంతో 24వ తేదీ ఆదివారం నేనే మునగపాక వెళ్లాను.

పొయ్యి మండుతోంది. అప్పలనాయుడు నూలు గ్లవ్స్ వేసిన చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నారు. పక్కన రాములమ్మ, ముందు చన్నీళ్ల గిన్నె. పాకం బుడగల చప్పుడు నాకు మొదటినుంచీ ఒక్కలాగే వినిపిస్తోంది.

"ఇంకా అవలేదు," అన్నారాయన. కొంతసేపటికి, "ఇంకొంచెం." ఉన్నట్టుండి, "ఇప్పుడు సూడు!"

రాములమ్మ వేళ్లు ముంచి, పాకం తీసి నలిపింది. ఉండ కట్టింది. "దింపండి!" అని అరిచింది.

ఒక్కసారి జరిగినదాన్ని నేను లెక్కలోకి తీసుకోను. సాయంత్రం దాకా కూర్చున్నాను. మూడు పెనాలు. మూడుసార్లూ ఆయన కళ్లు తెరవకుండానే చెప్పారు. మూడుసార్లూ ఉండ కట్టింది. మూడోసారి నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

యజమాని తల ఊపాడు. "ఆ మేస్త్రీని రావద్దంటాన్లే. అయితే బావా, ఇన్నాళ్లూ సేతి ఏళ్లెందుకు కాల్సుకున్నావు?"

"సెయ్యి సూత్తందనుకున్నాను బావా. సెవి సూత్తందని నాకూ తెలీదు."

జనవరి 8న చేతులకూ కాళ్లకూ ఒక్క బొబ్బ లేదు. ఏప్రిల్ ఎండల్లో మళ్లీ ఆరు వచ్చాయి. ఈ జబ్బు తిరిగి వచ్చేదే. ఈసారి పిన్నీసు ముట్టకుండా రెండో రోజునే వచ్చారు.

రెండు చేతుల లెక్క నాకు జబ్బును పట్టి ఇచ్చింది. ఆ మనిషికి తెలిసినది ఎంతో మాత్రం ఏ లెక్కా చెప్పలేదు. ఇప్పుడు ఎవరికైనా చేతికి విశ్రాంతి ఇమ్మని చెప్పవలసి వస్తే, ఆ పని అదను చెయ్యి పెట్టకుండా ఎలా తెలుస్తుందో కూడా అడుగుతున్నాను. చాలామంది తెలియదంటారు. ఆ మాట నేను నమ్మను.