తానులో ఇరుక్కున్న ఉత్తరం

ఈ మధ్య సరిహద్దులో మళ్లీ కాల్పులు మొదలై, టీవీలవాళ్లు గొంతులు చించుకుంటున్న రోజుల్లో కోరుట్ల నుంచి నా దోస్తు ఫోన్ చేశాడు. వాడికి అక్కడ ఎరువుల దుకాణం ఉంది. నేను జగిత్యాలలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. బస్సెక్కితే గంట కూడా పట్టని దూరం. అయినా వాడు పని ఉన్నా లేకున్నా ఫోనే చేస్తాడు.

"ఏందిరా, మళ్ల లడాయి మొదలైనట్టున్నది. గీసారి ఎవ్వల ఉత్తరం దాచిపెట్టినవ్?" అన్నాడు.

పక్కనున్న మా ఆవిడ ఉత్తరమేందని అడిగింది. ఏం లేదన్నాను. పెళ్లయి పదిహేనేళ్లయినా ఈ ఒక్క సంగతి ఆమెకు చెప్పలేదు. రాస్తే ఎలాగూ తెలుస్తుంది, తిట్లు ఎలాగూ తప్పవు. కాబట్టి రాసేస్తున్నాను.

అప్పుడు మేం సిరిసిల్లలో తొమ్మిదో తరగతి. దేశం పైకొసన మంచుకొండల మీద యుద్ధం జరుగుతోంది. వాడిది రుద్రంగి. సెంటు భూమి లేని ఇల్లు, అమ్మ కూలికి పోయేది, తండ్రి లేడు. వాడు సిరిసిల్ల హాస్టల్లో ఉండి చదివేవాడు. నేను లోకల్. మా బాపుకు మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు ఉండేవి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అనే అంటారు. ఇద్దరం ఒకే బెంచీ. రోజూ నా టిఫిన్ డబ్బాలో సగం వాడిది. వాడి లెక్కల నోటు మొత్తం నాది.

యుద్ధం రాకముందు నేనే వాడికంటే ఒక మెట్టు పైన ఉండేవాణ్ని. క్లాసు లీడర్ని, మంచి చొక్కా వేసుకునేవాణ్ని. యుద్ధం వచ్చి మెట్లన్నీ తారుమారు చేసింది. ఎందుకంటే వాడి అన్న మిలిటరీలో ఉన్నాడు, అదీ ఆ కొండల మీదే. హాస్టల్లో ఉత్తరాలు గల్లంతవుతున్నాయని ఆయన బడి అడ్రసుకు రాసేవాడు. మొదటి ఉత్తరం రాగానే హెడ్‌సారు వాడిని ప్రేయర్‌లో నిలబెట్టి చదివించాడు. ఆరొందల మంది చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి వాడు హోంవర్క్ చెయ్యకపోయినా దెబ్బలు లేవు. డ్రిల్లు సారు వాడి భుజం మీద చెయ్యేసి నడిచేవాడు. బడి బయట ఐసుబండి అతను వాడికి ఊరికే ఐసు ఇచ్చి, పక్కనే ఉన్న నా దగ్గర మాత్రం పైసలు తీసుకునేవాడు. నాకు కడుపు మండిపోయేది.

ఆ మంటలోనే ఒకరోజు క్లాసులో ఒక మాట జారాను. "మా బాపు నేసేది మిలిటరీ బట్ట తెల్సా? గా కొండల మీదోళ్లందరికి మా సాంచాల మీదికెల్లే పోతది."

అందరూ నోళ్లు తెరిచారు. మా సాంచాల మీద నేసేది చీరల కింద కట్టుకునే లంగాల బట్ట. తెల్లటి బట్ట, రంగు అద్దడానికి వేరే ఊరికి పోయేది. ఈ సంగతి క్లాసులో ఒక్కడికే తెలుసు, వాడు మా దోస్తే. ఆదివారాలు మా షెడ్డులో కూర్చుని నూలు కండెలు అందించేవాడు. ఎవడో అడిగాడు, మిలిటరీ బట్టంటే పచ్చగుంటది గదా, వీళ్ల ఇంట్ల అంత తెల్లబట్టనే ఉంటది గదా అని. ఇక అయిపోయాననుకున్నాను.

"అరే, మంచుల పచ్చ బట్ట ఏసుకుంటే దూరంకెల్లి కనవడ్తరు గదరా. గందుకే తెల్లది," అన్నాడు మా వాడు, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా.

అందరూ నమ్మారు. నన్ను కాపాడినందుకు వాడిమీద ప్రేమ కలగాలి కదా. కలగలేదు. ఇంకా ఎక్కువ మండింది. నా అబద్ధాన్ని కూడా వాడే నాకంటే బాగా చెప్పాడని.

ఇది జరిగిన మూడు వారాలకు, ఒక గురువారం హెడ్‌సారు గదిలో టపా తీసుకోవడానికి పోయాను. అది లీడరు పని. మిలిటరీ ముద్రతో లావుపాటి కవరు, వాడి పేరు మీద. శనివారం బడికి ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. ఆ సభలో దేశభక్తి మీద నా ఉపన్యాసం ఉంది. వారం రోజులు బట్టీ పట్టాను. ఈ ఉత్తరం వాడి చేతికి పోతే నా ఉపన్యాసాన్ని ఎవడు వింటాడు? శనివారం దాటనిచ్చి, సోమవారం ఇచ్చేద్దామనుకున్నాను. టపా ఆలస్యమైందంటే సరిపోతుంది. కవరును చొక్కా లోపల దోపుకున్నాను.

ఇంట్లో నాకంటూ దాచుకునే చోటు లేదు. సంచీ అమ్మ వెతుకుతుంది, బీరువా చెల్లె వెతుకుతుంది. షెడ్డులో మూలసాంచా నడుస్తోంది. నేసిన బట్ట కిందున్న కర్రకు తిరుగుతూ చుట్టుకుంటోంది. బాపు అటు తిరగగానే కవరును ఆ చుట్టకూ బట్టకూ మధ్య దూర్చాను. చూస్తుండగానే బట్ట దాన్ని మింగేసింది. ఆ చుట్ట నిండితే ఒక తాను, దాన్ని ఆదివారం దించుతారు. ఏ తాను ఎప్పుడు దిగుతుందో సాలోళ్ల పిల్లగాడికి వేరే చెప్పాల్సిన పని లేదు. ఇంత తెలివి ఇంకెవడికి ఉంటుందని నాలో నేనే మురిసిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం మా గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలి కాలిపోయింది.

గల్లీలో సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే పెరిగినవాణ్ని, అది ఆగిపోతే చెవుల్లో ఏదో పోయినట్టయింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. తాను మధ్యలో కోద్దామంటే అది ముక్క అవుతుంది, ముక్కను బట్ట కొనే సేఠు ముట్టడు. చుట్ట వెనక్కి తిప్పి చూద్దామంటే పోగులు వదులై నేత చెడుతుంది, బాపు ఒక్క చూపులో కనిపెడతాడు. రోజూ షెడ్డులోకి పోయి ఆ తెల్ల చుట్టను చేత్తో తడిమేవాణ్ని. కవరు మూల గట్టిగా తగిలేది.

శనివారం సభలో నా ఉపన్యాసం అయింది. నేను గొంతెత్తి అరుస్తుంటే ఆ ఆఫీసరు హెడ్‌సారు వైపు వంగి, "మిలిటరీ అన్న ఉన్న పిల్లగాడు ఎవరండీ?" అని అడిగాడు. వాడిని పిలిచి ఉత్తరం ఏదని అడిగితే, గీ వారం రాలేదు సార్ అన్నాడు. సభంతా అయ్యో అంది. రాని ఉత్తరం ముందు కూడా నా ఉపన్యాసం నిలబడలేదు.

అక్కడి నుంచి సంగతి ఆటలా లేదు. వాడు బడి వదలగానే చాయ్ హోటల్ ముందు నిలబడి, టీవీలో చనిపోయినవాళ్ల పేర్లు చదువుతుంటే వినేవాడు. నా డబ్బాలో చెయ్యి పెట్టడం మానేశాడు. ఆకలి లేదనేవాడు. ఆ వారం మధ్యలో వాళ్లమ్మ రుద్రంగి నుంచి బస్సులో వచ్చింది. బడి గేటు దగ్గర నన్నే ముందు పట్టుకుంది.

"కొడుకా, టపా నువ్వే తెత్తవట గదా. మంచిగ సూడు బిడ్డా, యాడనన్న కింద పడ్డదేమో. నాల్గొద్దులాయె, నాకు బుక్క దిగుతలేదు."

అని, కొంగులో మూట కట్టుకొచ్చిన మక్కగారెలు నా చేతిలో పెట్టింది. అవి తిన్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది గానీ తిన్నాను. తిని, వెనక గోడ దగ్గరకు పోయి ఏడ్చాను. నిజం చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. బాపు దెబ్బలకంటే, వాడు నన్ను చూసే చూపుకు భయపడ్డాను.

ఆ రోజే కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. కరెంటు రావాలె, అన్న బతికుండాలె, గుండు ఇస్తా అని. దేవుడి మీదే భారం వెయ్యకుండా నేను కూడా రోజూ కరెంటు ఆఫీసుకు పోయి లైన్‌మెన్‌ను సతాయించాను. అతనికి చాయ్ మోశాను, నిచ్చెన మోశాను. ఇది చూసి బాపు గల్లీ అంతా చెప్పుకున్నాడు. "మావోనికి పని మీద మనసు పడ్డది. సాంచా నడువకపోతే ఆనికి నిద్ర పడ్తలేదు."

ఎనిమిదో రోజు, శనివారం నాడు, కరెంటు వచ్చింది. బడి ఎగ్గొట్టి మూలసాంచా దగ్గర నిలబడ్డాను, పోగు తెగితే బాపుకంటే ముందు నేనే అతికాను. తెల్లారి మధ్యాహ్నం తాను దించారు. బాపు చుట్ట విప్పుతుంటే నేను అందుకునేలోపే కవరు జారి ఆయన కాళ్ల దగ్గర పడింది. ముద్ర చూశాడు, పేరు చూశాడు, నా మొహం చూశాడు. ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ ఒక్కటే ఇప్పటికీ గుర్తుంది. తర్వాత సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని నేరుగా హాస్టల్‌కు తీసుకుపోయి, నా చేత్తోనే కవరు ఇప్పించి, జరిగింది నా నోటితోనే చెప్పించాడు.

వాడు కవరు చించి ముందు తేదీ చూశాడు. అది పాతదైపోయింది. వచ్చిన రోజే ఇచ్చి ఉంటే వాళ్లమ్మ కడుపు నిండా తినేది. ఇప్పుడది చదివినా, ఈ రోజు అన్న ఉన్నాడో లేడో చెప్పదు. నేను అసలు దొంగిలించిందేంటో అప్పుడు అర్థమైంది. వాడు మొత్తం చదివి, మడిచి, నా జేబులో పెట్టాడు.

"రేపు ప్రేయర్ల నువ్వే చదువు," అన్నాడు.

శిక్ష అనుకున్నాను. మరునాడు ఆరొందల మంది ముందు నిలబడి చదివాను. మొదటి కాగితంలో చలి గురించి, రొట్టెల గురించి, అమ్మను పైలంగా చూసుకొమ్మని ఉంది. రెండో కాగితం తిప్పాను.

"తమ్మీ, నీ దోస్తు వాళ్ల నాయిన మా కోసం బట్ట నేస్తున్నడని రాసినవు గదా. ఇక్కడ మా వాళ్లందరికీ చెప్పిన. మన సిరిసిల్ల బట్ట అని సంబురపడ్డం. ఆ పెద్దమనిషికి మా అందరి దిక్కుకెల్లి దండం చెప్పు. నీ దోస్తును ఇడిసిపెట్టకు."

ఆ కాగితాన్ని నాలో నేనే గొణుక్కున్నట్టు చదివాను. ముందు వరుసలోంచి వాడే, "గట్టిగ చదువురా, ఇనవడ్తలేదు," అన్నాడు. గట్టిగా చదివాను. చప్పట్లు మోగాయి. నేను అన్నాళ్లూ కోరుకున్న చప్పట్లు అవే, ఆ స్టేజీ మీదే. అందరికంటే గట్టిగా కొట్టింది వాడు. నేను నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. నిజం చెప్పే ధైర్యం మాత్రం అప్పుడూ రాలేదు.

ఇంటికి పోయి బాపుకు దండం సంగతి చెప్పాను. అబద్ధం సంగతీ చెప్పక తప్పలేదు.

"మనది లంగా బట్టని ఆ పిలగానికి ఎర్కనా?" అన్నాడు.

"ఎర్కే."

"ఎరికుండి గూడ అన్నకు గట్ల రాసిండా?"

"రాసిండు."

బాపు పోయి సాంచా నడిపించాడు. తెల్లారి అమ్మకు చెప్పి రెండు డబ్బాలు కట్టించాడు.

పది రోజులకు ఇంకో ఉత్తరం వచ్చింది, అన్న క్షేమం. దాన్ని టపా గది నుంచి హాస్టల్ దాకా పరిగెత్తి ఇచ్చాను. గుండు కూడా ఇచ్చాను. అమ్మ అడిగితే పరీక్షల కోసమన్నాను.

పోయిన నెల మా దోస్తు కోరుట్లలో కొత్త ఇల్లు కట్టుకుని దావత్ ఇచ్చాడు. బాపును తీసుకుని పోయాను. రిటైరై రుద్రంగిలో ఉంటున్న వాళ్లన్న, బాపును చూడగానే ఎప్పటిలాగే కుర్చీలోంచి లేచి, మడిమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. ఆయనకు ఎవరూ నిజం చెప్పలేదు.

"కాకా, గా మంచుల మీ బట్టనే మమ్ముల కాపాడింది," అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా.

బాపు ముసలి చెయ్యి ఎత్తి తిరిగి సెల్యూట్ కొట్టాడు. "ఒక్క పోగు తెగకుంట నేసిన కొడుకా," అన్నాడు.

నేను దోస్తు వైపు చూశాను. వాడు కొత్తింటి సీలింగు వంక చూస్తున్నాడు, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా.