కాయ ఇంటికొచ్చాక చూసిన కొల్లేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ పనికైనా ముహూర్తం పెట్టేది పంచాంగం కాదు, మిరపచేను. పెళ్ళిచూపులైనా, పంటినొప్పి అయినా, చుట్టాలింటికి వెళ్ళడమైనా, కాయ ఇంటికొచ్చాక చూద్దాం అనేవాడు మా నాన్న. వత్సవాయి దగ్గర మా ఊళ్ళో అందరిదీ అదే వరస. లోకమంతా మిరపకాయల లెక్కనే నడుస్తుందని అనుకునేదాన్ని.

నాకు పదకొండేళ్ళప్పుడు, దసరా ముందు, మా చెల్లికి కళ్ళు పోతున్నాయని తెలిసింది. దానికి ఎనిమిదేళ్ళు. అంతకుముందు నుంచే రేచీకటి ఉంది కాబోలు, దీపాలు పెట్టాక గుమ్మాలకి గుద్దుకునేది. ఒళ్ళు తెలియని అల్లరని అమ్మ పైగా రెండు తగిలించేది. బెజవాడ కళ్ళ డాక్టరు మీది మేనరికమా అని అడిగాడట. అవునన్నాక మందు ఊసెత్తలేదు. చూపు చుట్టూరా ముడుచుకుపోతుందనీ, ఎదురుగా ఉన్నది మాత్రం ఇంకొన్నాళ్ళు కనబడుతుందనీ, చూపించదలుచుకున్నవేవో ఏడాదిలోపు చూపించమనీ చెప్పి పంపాడు.

ఏం చూస్తావని నాన్న అడిగితే, తిరుపతి అంటుందనుకున్నాం. అది గూడబాతు అంది. బళ్ళో టీచరు బొమ్మ చూపించిందట. ముక్కు కింద సంచీ ఉంటుందట. కొల్లేట్లో చెట్ల నిండా గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతుందట.

ఆ చలికాలమే వెళ్ళాల్సింది. కానీ చేను పూత మీద ఉంది. తరవాత మొదటి కోత, రెండో కోత, కళ్ళంలో ఆరబోయడం, తాలుకాయలు ఏరడం, గుంటూరు తోలడం. చెల్లి రోజూ అడిగేది, నాన్న రోజూ అదే మాట చెప్పేవాడు. అలాగని మాట తప్పలేదు. ఉగాది వెళ్ళిన రెండు వారాలకి నలుగురం బస్సెక్కాం. పక్షులు పొద్దున్నే బాగా కనబడతాయి గనక గట్టు మీదే ఉందామని, వంటసామానుతో పాటు కళ్ళంలో కాయ మీద కప్పే పట్టా కూడా చుట్టుకుని తెచ్చాడు.

కైకలూరు దాటాక కొల్లేటి గట్టు మీద నాలుగు కర్రలు పాతి, ఆ పట్టా కట్టి, గుడారం అన్నాడు. ఎన్నిసార్లు దులిపినా మిరపఘాటు పోలేదు. చీకటి పడేవేళ దాని కింద చేరి నలుగురం ఒకటే తుమ్ములు. ఒకరి తుమ్ముకి ఇంకొకరం పడీ పడీ నవ్వాం. మా ఇంట్లో అందరం కలిసి నవ్వింది అదే ఆఖరేమో, నాకు మళ్ళీ గుర్తులేదు.

తెల్లవారాక తాటిదోనె నడిపే ముసలాయన వచ్చాడు. అమ్మా చెల్లీ నీళ్ళ దగ్గర మొహాలు కడుక్కుంటున్నారు. గూడబాతులు చూపించమని నాన్న అడిగితే ఆయన జాలిగా చూశాడు.

"ఎల్లిపోయినయ్యండి. పిల్లలకి రెక్కలు రాగానే ఎల్లిపోతయ్యి. నెల దాటింది."

మిరపకాయల లెక్క పక్షులకి ఎవరూ చెప్పలేదు మరి. నాన్న చాలాసేపు గట్టు మీద మట్టిని కాలితో తన్నుతూ నిలబడ్డాడు. తరవాత ముసలాయనతో ఏదో గుసగుసలాడి, నా దగ్గరకొచ్చి, చెల్లికి సరిగ్గా కనబడదు కదా, ఉన్నాయనే చెబుదాం, నువ్వు కూడా అను అన్నాడు. నాకది తప్పనిపించలేదు. ఆటలా ఉంది.

దోనె చెట్ల దగ్గరికి వెళ్ళింది. రెట్టలతో తెల్లబడ్డ కొమ్మలు, వాటి మీద ఖాళీ గూళ్ళు. నాన్న చెల్లి భుజం పట్టుకుని, అదిగో ఆ కొమ్మ మీద, ముక్కు కింద సంచీ చూడు అంటూ గాల్లోకి వేలు చూపించాడు. ముసలాయన గెడతో నీళ్ళని టపటపా కొట్టి, రెక్కల చప్పుడన్నాడు. నేనైతే వాళ్ళిద్దర్నీ మించిపోయి, పిల్లకి చేప పెడుతోందే అని అరిచాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. చెల్లి అటూ ఇటూ తల తిప్పి చూసి, "కనబడ్డయ్యి నాన్నా, శానా ఉన్నయ్యి" అంది. నాన్న దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాడు. గొప్ప పని చేశానని నా ఛాతీ పొంగింది.

తిరుగు ప్రయాణంలో, నందిగామ బస్టాండులో అమ్మానాన్నలు మంచినీళ్ళకి దిగారు. నా ఆట ఇంకా అయిపోలేదు. ఏ పక్షి నచ్చిందే అని చెల్లిని అడిగాను.

"అక్కడేం లేవుగా అక్కా. ఎదురుగా ఉన్నది నాకు బానే కనబడుద్ది. గూళ్ళు కూడా చూసా."

మరి ఉన్నాయని ఎందుకన్నావే అన్నాను.

"నాన్న మొహం చూసా. ఏడుపు ఆపుకుంటన్నాడు. నాన్నతో చెప్పమాక."

చెప్పలేదు. డాక్టరు చెప్పిన మాట నలుగురిలో దానికొక్కదానికే గుర్తుంది. ఆ వేసవంతా నాన్న నవ్వగా నేను చూడలేదు. వానలు మొదలయ్యేసరికి చెల్లికి ఆ కాస్త చూపూ పోయింది. ఆ తరవాత నాన్న ముప్ఫై ఏళ్ళు బతికాడు. చుట్టాలొచ్చినప్పుడల్లా, పోనీలే, పక్షుల్నైనా చూపించగలిగాం అనేవాడు. చెల్లి ప్రతిసారీ తలూపేది. నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని.

ఇప్పుడది జగ్గయ్యపేటలో నా దగ్గరే ఉంటుంది. పక్షుల్ని చూడ్డానికి వెళ్ళి డేరాల్లో ఉందాం, ఇద్దరూ రండి అని మా మనవలు ఈమధ్య పిలిచారు. చెల్లి వద్దంది. ఆ సాయంత్రం, నాన్న ఎలా ఉండేవాడో గుర్తుందా అని అడిగాను. దోనెలో మొహం ఒక్కటే గుర్తుందట. నవ్వే మొహం కోసం ఎంత తలుచుకున్నా రావట్లేదంది. గుడారం కింద నవ్విన వేళ చీకట్లో దానికి కనబడనే లేదు.

నేను మోస్తున్నది ఇదే. ఆ పొద్దున నేను అరవకుండా, ఏం లేవే చెల్లీ, ఆలస్యంగా వచ్చాం అని ఉంటే నాన్న ఏడ్చేవాడు. ఏడ్చి తెరిపిన పడి, దానికి చూపు ఉన్న ఆ రెండు నెలల్లో, పట్టపగలు దాని ఎదురుగా ఒక్కసారైనా నవ్వి ఉండేవాడు.